సుగ్గికి పోయిన బెంచీలు

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావు? అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోన్లో చెబుదామనుకున్నా గానీ చాలా ఉంది, అందుకే రాస్తున్నా. చివర్లో నీతో ఒక పని కూడా ఉంది.

అవనిగడ్డ రూములో రాత్రి రెండింటిదాకా చదువుతూ, మెగా డీఎస్సీ 16,347 టీచరు పోస్టుల్లో మనకు రెండు రావా అనుకునేవాళ్లం, గుర్తుందా? వచ్చాయి. నీకు మీ గుంటూరులోనే, నాకు కర్నూలు జిల్లా కోసిగి వైపు. నంద్యాల దగ్గర కేసీ కాలువ నీళ్లు చూస్తూ పెరిగిన నాకు ఈ పడమటి ఊళ్లు కొత్త. అంతా వాన మీదే సేద్యం. పిల్లల మాటల్లో సగం కన్నడం.

9వ తరగతి నాకిచ్చారు. ఆఖరి బెంచీని వదిలెయ్, చదివేవాళ్లను చూసుకో అని మొదటి రోజే ఒకరు చెప్పారు. నాకది మింగుడుపడలేదు. ఆ బెంచీలో ఒకడున్నాడు. పదిహేనేళ్లు. పుస్తకం తేడు, నోట్లో గుట్కా, రెండ్రోజులకో కొట్లాట. బయట నిలబెట్టా, అరిచా. ఒకరోజు నా ముందే నోట్సు చించేశాడు. ఆ సాయంత్రం కోపంగానే వాళ్లింటికి పోయా.

ఇంట్లో చూపు ఆనని అవ్వ, చిన్న చెల్లి. వీడు పొయ్యి ముందు కూచుని జొన్నరొట్టెలు తడుతున్నాడు. నన్ను చూడగానే లేచి, పిండి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "క్లాసులో చెప్పొద్దు సార్" అన్నాడు. అమ్మానాన్న దసరా తర్వాత పత్తి తీతకు పోయి, అట్నుంచి అటే మిరపకోతకు మీ వైపు వచ్చారట. మళ్లీ ఉగాదికే రాక. దీన్నే ఇక్కడ సుగ్గి అంటారు. ఇన్నాళ్లూ వాడి కొట్లాటే చూశాను, వాడి పొయ్యిని చూడలేదు మామా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు బోర్డు మీద రాష్ట్రం మ్యాప్ గీసి, సుగ్గికి పోయే దారి ఎవరు చెబుతారని అడిగా. కాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత వాడే లేచాడు. కర్నూలు, ఆత్మకూరు, దోర్నాల, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు. ఎక్కడ బండి టీకి ఆపుతారో, ఆత్మకూరు దాటాక అడవిలో ఎంత చలేస్తుందో అన్నీ చెప్పాడు. నేను అక్కడ 'నల్లమల' అని రాస్తే, "అదేనా సార్ నల్లమల?" అన్నాడు. ఇంతకుముందు ఏటా అమ్మానాన్నతో ఆ అడవిలోంచే పోయినవాడు! వెంటనే ఇంకొకడు, "తుంగభద్ర మంత్రాలయం పక్కనే పోతుంది కదా సార్, మరి మన చేలకు నీళ్లెందుకు రావు? గుంటూరోళ్లకు ఎట్లొచ్చాయి?" అన్నాడు. సాగర్ కుడి కాలువ గీశా. మన నేల ఎత్తు, వాన తక్కువదనం, కాలువలు, ఆనకట్టలు... గంట కొట్టినా ఎవరూ లేవలేదు. అంత మంచి ప్రశ్న నన్ను ఏ పరీక్షలోనూ ఎవరూ అడగలేదు.

ఇప్పుడు వాడు రోజూ వస్తున్నాడు. గుట్కా పూర్తిగా మానలేదు. చెల్లిని తీసుకొచ్చి చిన్న బడిలో దించి వస్తాడు, కాస్త ఆలస్యమైతే నేను ఏమీ అనను.

కానీ సంక్రాంతి తర్వాత సగం బెంచీలు ఖాళీ. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల దాకానే అన్నది మనకు డీఎస్సీలో ఒక బిట్టు. ఇక్కడ పద్నాలుగు దాటిన పిల్లలను కళ్లముందే బండెక్కిస్తుంటే ఆ బిట్టు గుండెల్లో గుచ్చుకుంటోంది. క్లాసులో బాగా చదివే అమ్మాయి ఒకతి పోయింది. వాళ్ల నాన్నకు ఫోన్ చేసి బతిమాలా. "ఎదిగిన ఆడపిల్లను ఎవరి దగ్గర పెట్టి పోవాల సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే కస్తూర్బా బడిలో సీటు కోసం తిరుగుతున్నా, అది వచ్చే ఏటి మాట.

నీ పని ఇది. వాళ్లు దిగింది ప్రత్తిపాడు దగ్గరే, మీ బడికి దూరం కాదు. వాళ్ల నాన్న నంబరు ఫోన్లో పంపుతా. ఈ ఆదివారం ఒకసారి ఆ చేను దాకా వెళ్లు. మార్చి దాకా మీ 9వ తరగతిలో కూర్చోనిస్తారేమో హెడ్మాస్టరు గారిని అడుగు. అక్కడే మధ్యాహ్నం అన్నం కూడా తింటుంది. దాని పుస్తకాలు ఇవాళే పార్శిల్ చేశా. మిరపకాయలు తెంపి చేతులు మండుతుంటాయి, పెన్ను పట్టలేకపోతే ముందు ఊరికే చదివించు.

వెళ్లొచ్చిన రాత్రే ఫోన్ చెయ్, ఎంత పొద్దుపోయినా సరే.

నీ
రూమ్మేటు