మెదడు – ప్రవర్తన ఉపన్యాసాలు: సంఘ సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

విశ్వవిద్యాలయ అధ్యాపకులను ఆహ్వానించి మన సంఘం గుంటూరులో ఏటా జరిపే ఉపన్యాసాలు ఈ ఏడాది కూడా పూర్తయ్యాయి. ఎప్పటిలాగే బ్రాడీపేటలో, ఆదివారం సాయంత్రాలు, ప్రవేశం ఉచితం. వక్తలు తెలుగులోనే మాట్లాడాలన్న నియమం ఈసారీ పాటించాం. హాలు అద్దె, మైకు, టీ ఖర్చులకు సభ్యుల చందాలు సరిపోయాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

జ్ఞాపకశక్తి మీద జరిగిన ప్రసంగానికి హాలు నిండిపోయింది. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి 1953లో ఫిట్స్ తగ్గించడానికి ఆపరేషన్ చేసి, మెదడుకు రెండు వైపులా ఉండే హిప్పోకాంపస్ అనే భాగాన్ని చాలావరకు తీసేశారు. ఫిట్స్ తగ్గాయి గానీ, ఆ తర్వాత జరిగింది ఏదీ ఆయనకు గుర్తుండేది కాదు. ఏళ్ల తరబడి పరీక్షించిన శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ కూడా ప్రతిసారీ కొత్త మనిషే. అయితే అద్దంలో చూస్తూ నక్షత్రం గీయమని ఆమె ఇచ్చిన పనిలో మాత్రం రోజురోజుకూ ఆయనకు చెయ్యి తిరిగింది. నిన్న గీశానన్న సంగతి తెలియదు, చేతికి మాత్రం పని వచ్చేసింది. సంగతులను గుర్తుపెట్టుకోవడం, చేతిపని నేర్చుకోవడం మెదడులో వేర్వేరు చోట్ల జరుగుతాయని దీనివల్ల తేలింది.

ఇది విన్నాక ఒక సభ్యురాలు లేచి, వాళ్ల అత్తగారు మనవడి పేరు మరిచిపోతున్నారని, ముగ్గు మాత్రం చుక్క తప్పకుండా పెడుతున్నారని, ఇంట్లో అందరూ ఆవిడ కావాలనే నటిస్తున్నారని అనుకుంటున్నారని చెప్పారు. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు తొలిదశలో దెబ్బతినే భాగాల్లో హిప్పోకాంపస్ ఒకటని, ఎన్నో ఏళ్లుగా అలవాటైన చేతిపని చాలాకాలం నిలుస్తుందని, పరీక్ష చేయించడం మంచిదని వక్త ఓపికగా వివరించారు. పెద్దవాళ్లను విసుక్కునే ముందు ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాల్సిన విషయం ఇది.

మూర్ఛ మీద ప్రసంగం చిన్నదే. ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఏ ఉపయోగమూ లేదు. నోట్లో ఏమీ పెట్టకూడదు, గట్టిగా అదిమి పట్టుకోకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి.

కార్యవర్గాన్ని బాగా ఆలోచింపజేసింది నిద్ర మీద ప్రసంగం. నిద్రవేళ అయిందని శరీరానికి తెలిపే మెలటోనిన్ అనే హార్మోన్ టీనేజ్‌లో రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది, అందుకే ఆ వయసు పిల్లలకు నిద్ర ఆలస్యంగా పడుతుంది. అది బద్ధకం కాదు. వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పగలు చదివింది మెదడులో స్థిరపడేది కూడా ఆ నిద్రలోనే. మరి మన గుంటూరు, విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీల్లో ఎంతమంది ఇంటర్ పిల్లలు తెల్లవారకముందే స్టడీ అవర్‌లో కూర్చుంటున్నారు! రాత్రి పొద్దుపోయేదాకా చదివించి, చీకటితోనే లేపితే, ర్యాంకు కోసం వాళ్లు పడే కష్టాన్ని మనమే వృథా చేసినట్టు. టెన్షన్ తట్టుకోలేని పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు ఇంట్లో కనబడేచోట రాసిపెట్టండి.

ఆ రోజు వచ్చినవాళ్లలో ఎక్కువమంది రిటైరైనవాళ్లే. హాస్టళ్లలో ఉన్న పిల్లలు ఎలాగూ రాలేరు, వాళ్ల తల్లిదండ్రులైనా రాలేదన్నదే మా బాధ. అందుకే ఇదే ప్రసంగాన్ని ఇంటర్ అడ్మిషన్లకు ముందు మళ్లీ ఏర్పాటు చేయాలని, కాలేజీ ఎంచుకునేటప్పుడు పిల్లలు ఎన్ని గంటలకు పడుకుంటారో, ఎన్నింటికి లేస్తారో అడగమని తల్లిదండ్రులకు చెప్పాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సర్వసభ్య సమావేశంలో దీన్ని తీర్మానంగా పెడుతున్నాం. పదో తరగతి పిల్లలున్న సభ్యులు తప్పకుండా రండి, మీ వీధిలోని మరో కుటుంబాన్నీ వెంట తీసుకురండి.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున
గుంటూరు