డ్రిల్లు పీరియడ్‌లోంచి వచ్చిన యోగా

సంపాదకులు గారికి, నమస్కారం.

యోగా దినోత్సవం నాడు మీరు వేసిన ప్రత్యేక పేజీలో సూర్యనమస్కారాల పన్నెండు భంగిమలూ రంగుల్లో అచ్చువేసి, కింద ‘పతంజలి మహర్షి అయిదు వేల ఏళ్ల కిందట అందించిన వ్యాయామం’ అని రాశారు. నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను. అవే సూర్యనమస్కారాలు ఎందరో పిల్లల చేత చేయించాను. కాబట్టి యోగా అంటే గిట్టనివాడెవడో రాశాడని ఈ ఉత్తరాన్ని పక్కన పడేయకండి.

యోగసూత్రాల్లో ఆసనం గురించి ఉన్నవి మూడే మూడు సూత్రాలు. మొదటిది ‘స్థిరసుఖమాసనమ్’. కదలకుండా, సుఖంగా కూర్చోమన్నాడు పతంజలి. వంగమనీ, దూకమనీ ఆయన అనలేదు. పండితుల్లో చాలామంది పతంజలిని ఎంత వెనక్కి జరిపినా రెండువేల రెండొందల ఏళ్లు దాటించరు. తర్వాత 15వ శతాబ్ది హఠయోగప్రదీపికలో స్వాత్మారాముడు పదిహేను ఆసనాలు వర్ణించాడు. చాలావరకు కూర్చుని వేసేవే. దానికి 19వ శతాబ్దిలో ‘జ్యోత్స్న’ అనే వ్యాఖ్య రాసిన బ్రహ్మానందుడైతే, అదేపనిగా సూర్యనమస్కారాలు చేసి ఒళ్లు హూనం చేసుకోవద్దని సాధకుణ్ణి హెచ్చరించాడు. ఆయన నాటికి సూర్యనమస్కారాలు లేక కాదు. మన ఇళ్లలో అరుణం (సూర్యుణ్ణి స్తుతించే వేదమంత్రాలు) చదువుతూ చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది ఉపాసన. యోగాసనాల తరగతిలోకి అది వచ్చింది నిన్నగాక మొన్న.

తెచ్చినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు భవాన్‌రావు పంత్ ప్రతినిధిది. 1920లలో ఆయన సూర్యనమస్కారాన్ని లెక్క ప్రకారం చేసే వ్యాయామంగా దిద్దాడు. తానూ చేశాడు, కుటుంబం చేత చేయించాడు, సంస్థానంలోని బడుల్లో పెట్టించాడు, పుస్తకాలు రాశాడు. అందులోని దండ భాగం చూడండి. తాలింఖానాల్లో కుర్రాళ్లు తీసే దండీకి దానికీ తేడా చెప్పడం కష్టం.

ఆ రోజుల గాలే అలాంటిది. మద్రాసులో హ్యారీ క్రో బక్ 1920లో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల పెట్టాడు. మా వృత్తిలో ఉన్నవాళ్లకు ఆ పేరు తెలియకుండా ఉండదు. ‘మీ జాతి బలహీనమైంది’ అని తెల్లవాడు ఎగతాళి చేస్తుంటే దేశమంతా కండలు పెంచే పనిలో పడింది. మా వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడు గారు ఊపిరి బిగబట్టి ఛాతీ మీది ఇనుప గొలుసులు తెంచుతూ ఊరూరా తిరిగింది ఆ కాలంలోనే. స్వదేశీ వ్యాయామం ఏదని వెతికినవాళ్లకు యోగం దొరికింది. బరోడాలో వ్యాయామ గురువు మాణిక్‌రావు దగ్గర వ్యాయామం నేర్చుకున్న కువలయానంద స్వామి 1924లో లోనావళాలో కైవల్యధామం స్థాపించి, ఉడ్డియానం (కడుపును లోపలికి లాగడం), నౌళి (కడుపు కండరాలను తిప్పడం) చేసేటప్పుడు కడుపులో పీడనం ఎంతుందో యంత్రాలతో కొలిచి ‘యోగ మీమాంస’ పత్రికలో అచ్చువేశాడు. అంతకుముందే, 1918లో, శ్రీ యోగేంద్ర బొంబాయి వెర్సోవాలో సంసారుల కోసం యోగ సంస్థ పెట్టాడు. సన్యాసులకు తప్ప చెప్పరన్న విద్యను ఉద్యోగస్తులకూ ఇల్లాళ్లకూ చెప్పడం అప్పట్లో చిన్న సంగతి కాదు. ఈయన పేరు మీ పేజీలోనే కాదు, నేను చూసిన ఏ శిక్షణ కరపత్రంలోనూ లేదు.

ఇక మైసూరు. నేను ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే.

మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయార్ ఆదరణలో తిరుమలై కృష్ణమాచార్యులు 1930లలో జగన్మోహన్ ప్యాలెస్‌లో యోగశాల నడిపాడు. ఆయన సంస్కృత పండితుడు, శ్రీవైష్ణవుడు. చేతికొచ్చిన విద్యార్థులు ఎవరు? రాజబంధువుల పిల్లలు, రాజవంశానికి చెందిన అరసు కులం కుర్రాళ్లు. ఒక్కచోట కుదురుగా నిలవని వయసు. వచ్చిన అతిథులకు ప్రదర్శనలివ్వాలి, ఊళ్లు తిరిగి యోగాను ప్రచారం చెయ్యాలి. అందుకని ఆసనానికీ ఆసనానికీ మధ్య దూకడం, శ్వాసతో కలిసిన కదలిక, ఒకదాని వెనక ఒకటిగా వరస. అక్కడ నేర్చుకున్న పట్టాభి జోయిస్ ఆ వరసనే అష్టాంగ విన్యాస యోగగా మైసూరులో జీవితాంతం చెప్పాడు. ఆ తరగతి వీడియో ఎప్పుడైనా చూడండి. ‘ఏకం... ద్వే... త్రీణి...’ అని గురువు అంకెలు చెబుతాడు, అందరూ ఒక్కసారి లేస్తారు, ఒక్కసారి వంగుతారు. అది మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, సంతోషంతో. విజిల్ లేదు గానీ మా అసెంబ్లీ గ్రౌండే. కౌంటు పెట్టి యాభైమందిని ఒకేసారి కదిలించడం ఎంత పనో డ్రిల్లు మాస్టారిని అడిగితే చెబుతాడు.

ఆ ఒక్క హాల్లోంచి ప్రపంచంలోకి వెళ్లిన దార్లు చూస్తే ఆశ్చర్యం. బెళ్ళూరులో 1918లో పుట్టి, చిన్నతనమంతా మలేరియా, టైఫాయిడ్, క్షయలతో బాధపడ్డ బావమరిది కుర్రాడొకడు 1934లో కృష్ణమాచార్యుల దగ్గరికి వచ్చాడు. ఆయనే బి.కె.ఎస్. అయ్యంగార్. 1937లో గురువు పుణె పంపాడు. 1952లో వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ ఆయన్ని కలిసి, తర్వాత యూరప్ తీసుకెళ్లాడు. 1966లో అయ్యంగార్ ఇంగ్లీషులో రాసిన ‘లైట్ ఆన్ యోగా’ దాదాపు ఆరు వందల ఫొటోలతో వచ్చింది. తాడు, ఇటుక, కుర్చీ, బెల్టు పెట్టి ఎవరి ఒంటికి ఎంత వంగితే అంత చాలనే పద్ధతి ఆయన కట్టాడు. ఇంకొకావిడ ఇంద్రాదేవి. రీగాలో 1899లో పుట్టిన యూరోపియన్. ఆడదానికి, అందులోనూ విదేశీయురాలికి చెప్పనని కృష్ణమాచార్యులు మొదట భీష్మించుకుంటే, మహారాజు చెప్పగా ఒప్పుకున్నాడు. ఆవిడ 1939లో షాంఘైలో, 1947లో హాలీవుడ్‌లో యోగా నేర్పింది. తర్వాతి కాలంలో మన పుట్టపర్తి సత్యసాయి భక్తురాలైంది. నూటరెండేళ్లు బతికింది. మన దగ్గరికి ఇంత తిరిగొచ్చిన ఆ పేరు తెలుగు పత్రికల్లో కనబడదు.

ఋషీకేశంలో శివానంద స్వామి, ఆయన శిష్యుల దారి వేరే ఉంది. దాని జోలికి ఇప్పుడు పోను.

ఇదంతా పాత చరిత్ర, మనకెందుకు అంటారా? కృష్ణమాచార్యులు 1950లలో మద్రాసు చేరాక ఆ దూకే వరసలు పక్కన పెట్టేశాడు. అక్కడ ఆయన దగ్గరికి వచ్చినవాళ్లు జబ్బులవాళ్లు, నడివయసువాళ్లు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, నాడి చూసి, ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పకుండా నేర్పాడు. కొడుకు దేశికాచార్ ఆ పద్ధతినే ముందుకు తీసుకెళ్లి 1976లో కృష్ణమాచార్య యోగ మందిరం పెట్టాడు. అదే గురువు, అవే ఆసనాలు. మైసూరు కుర్రాళ్లకు ఒకటి, మద్రాసు పెద్దలకు ఇంకొకటి. మన గ్రౌండుల్లో ఏం జరుగుతోంది? ఎనిమిదో తరగతి పిల్లాణ్ణీ, మోకాళ్లరిగిన పింఛనుదారునీ, షుగరూ బీపీ ఉన్న ఆవిడనీ ఒకే వరసలో నిలబెట్టి మైకులో ఒకే కౌంటు. ‘ఋషులు ఇచ్చింది, దీనివల్ల ఎవరికీ నష్టం ఉండదు’ అని నిర్వాహకులు ధీమాగా అంటారు. పదమూడేళ్ల మగపిల్లల కోసం అల్లిన వరస అని తెలిసుంటే అలా అనరు. కంటిలో నరాల జబ్బు ఉన్నవాణ్ణి తలకిందులు చెయ్యరు. 2015లో తొలి యోగా దినోత్సవానికి కేంద్రం తయారుచేసిన ఉమ్మడి యోగా కార్యక్రమంలో (కామన్ యోగా ప్రొటోకాల్) సూర్యనమస్కారాలు పెట్టలేదన్న సంగతి చాలామందికి గుర్తు లేదు. కారణాలు వేరే అయినా, పెద్దవాళ్ల విషయంలో నాకది మంచి నిర్ణయంగానే కనిపించింది.

దీనికి ఓ మిత్రుడు అభ్యంతరం చెప్పాడు. కొత్తదని మనమే ఒప్పుకుంటే విదేశీయులు పేటెంట్లు పట్టుకుపోతారట. అమెరికాలో బిక్రమ్ చౌదరి అనే యోగా గురువు తన ఇరవయ్యారు ఆసనాల వరస మీద కాపీరైటు కోరితే 2015లో అక్కడి అప్పీలు కోర్టు కుదరదని తేల్చింది. వందేళ్ల నాటిదని చెప్పినంత మాత్రాన మనది కాకుండా పోతుందా? హరికథకు ఆదిభట్ల నారాయణదాసు గారి పేరు చెబితే మా విజయనగరం పరువు పెరిగింది గానీ తరగలేదు.

మీ పేజీ చదివేది ఎక్కువగా బడి పిల్లలు, వాళ్ల టీచర్లు. ప్రతి జూన్‌లో ఆ పేజీ కత్తిరించి నోటీసు బోర్డుకు అతికిస్తారు. అందుకే అడుగుతున్నాను: వచ్చే ఏడాది ఆ పన్నెండు బొమ్మల పక్కన ఔంధ్ పేరు, ఏ వయసువాళ్లు ఏ భంగిమ మానాలో రెండు ముక్కలు వెయ్యండి. పీఈటీలకు ఇంకో మాట. 1938లో తీసిన చిన్న సినిమా ఒకటి ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. అందులో కృష్ణమాచార్యులు, ఆయన భార్య, పిల్లలు, పందొమ్మిదేళ్ల అయ్యంగార్ ఆసనాలు వేస్తూ కనిపిస్తారు. డిజిటల్ తరగతి గదిలో వేసి చూపించండి. శబ్దం లేదు కాబట్టి తెలుగు మీడియమా, ఇంగ్లీషు మీడియమా అన్న తగాదా రాదు.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
విజయనగరం