కలెక్టర్ గారూ, మా సంఘాలకు ఒక ఖాళీ మీటింగ్ ఇప్పించండి

గౌరవనీయులైన నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

నేను మన జిల్లా మెట్ట మండలాల్లో పద్నాలుగేళ్లు పొదుపు సంఘాల యానిమేటర్‌గా చేసి మానేసిన మనిషిని. ఆ పనికి ఇప్పుడు వీఓఏ (గ్రామ సంఘం సహాయకురాలు) అని పేరు మార్చారు గానీ, ఊళ్లో ఇంకా యానిమేటరమ్మ అనే పిలుస్తారు. ఈ లేఖలో మిమ్మల్ని లోను అడగడం లేదు, బిల్డింగు అడగడం లేదు. జీతాల సంగతి అసలే ఎత్తడం లేదు (దానికి వేరే లేఖ రాయాలి, అది ఇంతకన్నా పొడుగవుతుంది). వసూళ్లూ ఫోటోలూ లేకుండా సంఘం ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకోవడానికి మూణ్ణెల్లకోసారి గంటన్నర టైము అడుగుతున్నాను, అంతే.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. సంఘం మినిట్స్ బుక్కుల్లో "పారిశుద్ధ్యం గురించి చర్చించడమైనది", "బాల్య వివాహాల వల్ల కలిగే నష్టాల గురించి చర్చించడమైనది" అని ఈ చేత్తో కొన్ని వందల సార్లు రాశాను. వాటిలో చాలా చర్చలు జరగనే లేదు. ఎట్టా జరుగుతాయి చెప్పండి? రాత్రి ఎనిమిదిన్నరకి రామాలయం అరుగు మీద పన్నెండు మంది చేరతారు. పొద్దంతా కూలికి పోయి వచ్చి, ఇంత వండి పిల్లలకు పెట్టి వచ్చినవాళ్లు. ఒకామె ఒళ్లో బిడ్డ, ఇంకొకామె కొంగున ముడేసిన కిస్తు డబ్బు. నేను ఫోను పట్టుకుని వరసగా ఓటీపీలు అడుగుతుంటాను. ఓటీపీ వచ్చే ఫోను కొడుకు దగ్గరుంటుంది, కొడుకు కావలి టౌనులో ఉంటాడు. సిగ్నల్ కావాలంటే అరుగు దిగి వేపచెట్టు దాకా నడవాలి. బ్యాంకు కిస్తు, స్త్రీనిధి కిస్తు, నెల పొదుపు లెక్కేసి, ఫోనులో ఎక్కించి, ఫోటో తీసి, ఖాళీ పేజీ కింద సంతకాలు చేయించుకునేసరికి పది దాటుతుంది. ఆ సంతకాల పైన ఉన్న ఖాళీ నేను ఇంటికెళ్లాక నింపుకునేదాన్ని. చర్చంతా అక్కడే జరిగేది, నేనూ నా పెన్నూ.

మొదటి ట్రైనింగులోనే మాకు పంచసూత్రాలు బట్టీ పట్టించారు. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపులు, పుస్తకాల నిర్వహణ. చివరి నాలుగూ డబ్బు, లెక్కల సంగతి. మొదటిదొక్కటే మనుషులది. ఆ నాలుగూ బతికే ఉన్నాయి, మొదటిదే పేరుకి మిగిలింది.

ఇది వేరే ఏ జిల్లాలో జరిగినా నాకు ఇంత బాధ ఉండేది కాదు. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మా ఊరికి వచ్చినప్పుడు మా అమ్మ పలక పట్టుకుని రాత్రి బడికి పోయేది. లాంతరు నా చేతికిచ్చేది. అక్కడ పాఠం చదవడం పది నిమిషాలు, దాని గురించి మాట్లాడుకోవడం గంట. సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, సారా వల్ల సంసారం గుల్లయిన ఆడదాని కథ. అది చదివి "ఇది మనింటి కథే గదమ్మా" అనని ఆడమనిషి లేదు. పాఠం చెప్పే కుర్రాడు అక్షరాలు దిద్దిస్తూ, "మరి మీరైతే ఏం చేస్తారు?" అని అడిగి ఊరుకునేవాడు. జవాబు చెప్పేవాడు కాదు. బహుశా ఆయనకీ తెలియదు. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటివాళ్లు ఊళ్లోకి సారా రానీయమని అడ్డం నిలబడ్డారు. జిల్లాలో సారా వేలం పాటలు జరపలేక అధికారులు వాయిదా మీద వాయిదా వేశారు. 1993 ఏప్రిల్‌లో ముందు మన జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. రోజుకో రూపాయి దాచే పొదుపు సంఘాలు మన జిల్లాలో అంతగా పుట్టుకొచ్చింది ఆ ఊపులోనే.

సారా ఉద్యమం అనగానే అందరికీ చీపుర్లు, ఊరేగింపులు, తగలబడే సారా ప్యాకెట్లు గుర్తొస్తాయి. నాకు లాంతరు చుట్టూ దోమలు కొట్టుకుంటూ సాగిన మాటలు గుర్తొస్తాయి. ఇంకో సంగతి కూడా. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం 1997లో సడలిపోయింది కదా. అది ఎందుకు నిలవలేదో, ఊళ్లల్లో మళ్లీ మందు ఏ దోవన వచ్చిందో అమ్మావాళ్లకు బాగా తెలుసు. కానీ వాళ్లను మళ్లీ ఆ లాంతరు దగ్గర కూర్చోబెట్టి అడిగిన నాథుడు లేడు. గెలిచినప్పుడు సన్మానాలు చేశారు. ఓడినప్పుడు ఎవరింటికి వాళ్లు పోయారు.

ఇప్పుడు మా నీళ్ల ప్లాంటు సంగతి చెప్తాను, ఎందుకంటే నాకు ఈ బుద్ధి అక్కడే వచ్చింది.

మా మెట్టలోనూ, పక్కనే కనిగిరి వైపునా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు కొత్త కాదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే తాగకూడదంటారు. దాటిన ఊళ్లల్లో పిల్లల పళ్లు చూస్తే చాలు, మిషను అక్కర్లేదు. బెంగళూరులో స్థిరపడ్డ మా ఊరాయన ఒకరు ప్లాంటుకు డబ్బిచ్చారు. పంచాయతీ గదీ కరెంటు కనెక్షనూ ఇచ్చింది. యూత్ కుర్రాళ్లు పైపులు వేశారు. నడిపే పని ఊళ్లో పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘం నెత్తికెత్తుకుంది. నలుగురూ చేయి కలిపిన పని అని అందరం మురిసిపోయాం. ఏడు నెలలు తిరక్కుండానే దానికి తాళం పడింది. పంచాయతీ వాళ్లు సంఘాన్నీ, సంఘం కుర్రాళ్లనీ, కుర్రాళ్లు పంచాయతీనీ తిట్టుకున్నారు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అందరి చేతిలోనూ అంతో ఇంతో ఉంది, ఎవరి పిడికిలీ వాళ్లు తెరవరు.

ఒక రోజు బ్యాంకు ఆఫీసరు వస్తారని గ్రామైక్య సంఘం మీటింగు పెట్టాం. అన్ని వీధుల సంఘాల లీడర్లూ వచ్చారు. ఆఫీసరు రాలేదు. ఆయన వస్తారేమోనని ఎవరం లేవలేదు. కరెంటు కూడా పోయింది, నా ఫోనులో చార్జింగు లేదు. ఆ చీకట్లో ఒక పెద్దావిడ అంది, "ఇంతకీ ఆ నీళ్ల ప్లాంటు ఎందుకు మూతబడిందే?"

"క్యాను ఇరవై లీటర్లదంట పెద్దమ్మా. నేను ఎత్తలేను. మా ఆయన ఎత్తగలడు గానీ ఎత్తడు." అందరూ నవ్వారు.

నవ్వు ఆగాక ఇంకొకామె చెప్పింది. ప్లాంటు తెరిచేది ఎనిమిదింటికి, పొగాకు పనులకు ఆటో ఎక్కేది ఆరింటికి, ఇంక నీళ్లు పట్టేది ఎవరు? లెక్కలు చూసేమె గొంతు సవరించుకుని, క్యానుకు ఐదు రూపాయలు కరెంటు బిల్లుకే సరిపోలేదని, ఫిల్టరు లోపలి మెంబ్రేన్ మార్చాలంటే చేతిలో పైసా లేదని, ఆ మాట చెప్తే తననే అనుమానిస్తారని ఊరుకున్నానని చెప్పింది. ప్లాంటు చూసే కుర్రాడి తల్లి అక్కడే ఉంది. "వాడికి మూడు నెలల జీతం రాలా. కృష్ణపట్నం పోర్టులో పనికి పోయినాడు." ఆమె ప్రతి మీటింగుకీ మాతో పాటే కూర్చుంది. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

చివర్లో కాలనీ సంఘం లీడరు మాట్లాడింది. "మేం బిందె తీసుకుని వస్తే పక్కన నిలబడమనేవాళ్లు గదా. మీ వీధులోళ్లు పట్టుకున్నాక మాకు."

ఎవరూ నవ్వలేదు. చీకట్లో మొహాలు కనిపించకపోవడం ఆ రోజు మంచిదే అయింది.

ఆలోచించండి సార్. ఆ అరుగు మీద ఉన్న ప్రతి మనిషికీ ఒక ముక్క తెలుసు. మొత్తం ఎవరికీ తెలియదు. ఇంజనీరు గారు వచ్చి చూసి "మోటారు బాగుంది" అని రాసుకుపోయారు, ఆయన రాసింది నిజమే. ఆ తర్వాత పది లీటర్ల బిందెకు మూడు రూపాయలు పెట్టాం, తెల్లారి ఐదున్నరకే తెరిచాం, క్యానుకో రూపాయి మెంబ్రేన్ కోసం విడిగా దాచాం, తాళాలు ఇద్దరు ఆడవాళ్లకు ఇచ్చాం. ఆ ఇద్దరిలో ఒకరు కాలనీ ఆమె కావాలని తేలడానికి ఇంకో రెండు మీటింగులు పట్టింది, కొంచెం అరుచుకోవడం కూడా అయింది. ఒప్పుకోని రెండిళ్ల వాళ్లు ఇప్పటికీ టౌను నుంచి క్యాన్లు తెప్పించుకుంటారు. ప్లాంటు మాత్రం నడుస్తోంది.

నడవనిది కూడా చెప్పాలి. ఒక ఊళ్లో పదో తరగతి పిల్ల పెళ్లి ఆపాం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేసింది ఎవరో గానీ, వచ్చినవాళ్లు చాలామంది. అంగన్‌వాడీ టీచరు, ఆశా, మహిళా పోలీసు, పంచాయతీ సెక్రటరీ, నేను. తల్లిదండ్రుల చేత కాగితం రాయించాం, ఫోటో దిగాం. నలుగురైదుగురి రిజిస్టర్లలోనూ ఆ రోజు తారీఖు వేసి "నివారించడమైనది" అని ఉంటుంది. నాలుగు నెలల తర్వాత ఆ పిల్లను ఇంకో మండలంలో అమ్మమ్మ ఊళ్లో పెట్టి పెళ్లి చేశారు. ఆ నాలుగు నెలల్లో ఆ ఇంటి గడప తొక్కాల్సింది ఎవరు? మేం ఒక్కసారి కూడా కలిసి కూర్చుని ఆ ప్రశ్న వేసుకోలేదు. మండలాఫీసులో అన్ని శాఖలూ కలిసే కన్వర్జెన్స్ మీటింగులు లేవా అంటే ఉన్నాయి. అక్కడ ఒక్కో శాఖ లేచి తన అంకెలు చదివి కూర్చుంటుంది. పక్కవాళ్ల అంకెను ఎవరూ ముట్టుకోరు.

జనం ముందు లెక్కలు తేల్చే సామాజిక తనిఖీ ఉంది కదా అని మీ ఆఫీసులో ఎవరైనా అంటారేమో. ఉపాధి హామీలో 2006 నుంచి మన రాష్ట్రంలో అది జరుగుతోంది, ఎందరి దొంగ మస్టర్లో (దొంగ హాజరు పట్టీలు) బయటపెట్టింది, దానికి దండం పెడతాను. కానీ తనిఖీ అంటేనే తప్పెవరిదో తేల్చడం. తప్పెవరిదో తేల్చే చోట ఎవరూ తమ తప్పు తాము చెప్పుకోరు. మా లెక్కలు చూసేమె ఆ చీకట్లో చెప్పిన మాట తనిఖీ బల్ల ముందు చచ్చినా చెప్పదు. రెండూ కావాలి. ఒకే రోజు, ఒకే మనుషులతో మాత్రం వద్దు.

ఆ రాత్రి తర్వాత నేను మానేసేదాకా నాలుగైదు ఊళ్లల్లో ఇట్టాంటి కూర్చోవడాలు పెట్టించాను. కొన్ని చప్పగా పోయాయి. ఒకచోట ఒకామె తన ఇంటి గొడవ చెప్పుకుంటే తెల్లారేసరికి ఆ మాట మొగుడి చెవిన పడింది, ఆమె దెబ్బలు తింది. అందులో నా తప్పుంది. ఏ మాట అరుగు దిగకూడదో ముందే అనుకోలేదు. అప్పటి నుంచి అది మొదటే చెప్పుకునేవాళ్లం. లీడరమ్మ ఆఖర్న మాట్లాడాలి, కొత్తగా చేరిన పిల్ల ముందు మాట్లాడాలి. "ఎవరు చేశారు" అని కాకుండా "ఏం జరిగింది" అని అడగాలి. కిస్తు కట్టనివాళ్ల ఊసు ఆ రోజు ఎత్తకూడదు, ఎత్తితే వాళ్లు రారు, ఎక్కువ తెలిసింది వాళ్లకే. ఎవరు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే పుస్తకంలో రాయాలి, "చర్చించడమైనది" అని కాదు. ఇవి ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పినవి కావు, దెబ్బ తిని నేర్చుకున్నవి.

అందుకే నా కోరిక. మూణ్ణెల్లకోసారి గ్రామైక్య సంఘాల్లో ఒక మీటింగు వసూళ్లు, వేలిముద్రలు, ఫోటో లేకుండా జరుపుకోనివ్వమని ఆర్డరు ఇప్పించండి. ఆ మీటింగు ఫోనులో ఎక్కలేదని వీఓఏ మీద రిమార్కు పడకూడదు. ఆశా, అంగన్‌వాడీ, సెక్రటరీ ఆ రోజు రిజిస్టరు లేకుండా రావాలి. దయచేసి దీనికి ఒక పేరు పెట్టి, ఫ్లెక్సీ వేసి, ఫార్మాట్ పంపించకండి. ఫార్మాట్ వచ్చిన రోజే మేం దాన్ని ఇంటి దగ్గర కూర్చుని నింపడం మొదలుపెడతాం. మాకు బాగా అలవాటు.

ఇంకొకటి, కొంచెం చొరవ తీసుకుని అడుగుతున్నాను. వీలైతే మీరు ఒక మీటింగుకు రండి. మాటలన్నీ అయ్యాక, మీ ఉద్యోగంలో మీరు మొదలుపెట్టి నడవని పని ఒకటి మాకు చెప్పండి. ఎందుకు నడవలేదో మావాళ్లకు తెలిసినా తెలియొచ్చు.

వచ్చే ముందు మండలాఫీసుకు కబురు పెట్టకండి. పెడితే పొద్దున్నే ముగ్గులు వేయిస్తారు, సంఘం డబ్బుల్లోంచి శాలువా కొంటారు. రాత్రి ఎనిమిదిన్నరకి రామాలయం దగ్గర కారు ఆపి, అరుగు దాకా నడిచి రండి. కుర్చీ ఉండదు, చాప ఉంటుంది. సిగ్నల్ కావాలంటే వేపచెట్టు దాకా వెళ్లాలి.

ఇట్లు,
ఒక మాజీ యానిమేటర్,
నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం