ముందు భుజం చూడండి, తర్వాతే అద్దం

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాతకాలపు తరహా లెదర్ జాకెట్ల మీద వేసిన రంగుల పేజీ చూశాను. ఫొటోలు ముచ్చటగా ఉన్నాయి. "మీ మామూలు సైజు కన్నా ఒక సైజు చిన్నది తీసుకోండి, తోలు ఎలాగూ సాగుతుంది" అన్న సలహా దగ్గర మాత్రం కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదవాల్సి వచ్చింది. చెన్నైలో పల్లావరం, క్రోంపేట వైపు ఎగుమతి కంపెనీల్లో ప్యాటర్న్ మాస్టర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగమంతా తోలు జాకెట్లకు అట్టలు, అంటే ఏ ముక్క ఏ కొలతలో కోయాలో చూపే నమూనాలు, గీసి, కోయించడంతోనే గడిచింది. ఆ సలహా నమ్మి మన పిల్లలు పది పన్నెండు వేలు పోసుకుంటారేమోనని ఈ ఉత్తరం రాస్తున్నాను.

తోలు సాగే మాట నిజమే. సాగేది మోచేయి మడత దగ్గర, వీపు మధ్యన, కాస్త నడుము దగ్గర. భుజం దగ్గర సాగదు, సాగనివ్వం కూడా. ఆ కుట్టు లోపల టేపు వేసి మరీ బిగిస్తాం, జాకెట్ బరువంతా అక్కడే వేలాడుతుంది కాబట్టి. చిన్న సైజు కొన్నవాడికి నెల తిరిగేసరికి మోచేతులు ఉబ్బుతాయి, భుజాలు మాత్రం కొన్న రోజు ఎంత ఇరుకో అంతే ఇరుకు.

ఇంకో సంగతి. గుడ్డ చొక్కా బిగుతైతే దర్జీ కుట్టు విప్పి వదులు చేసి ఇస్తాడు. తోలుకి ఆ భాగ్యం లేదు. సూది దిగిన చోట రంధ్రం పూడదు. పైగా కుట్టు అంచుల్ని పల్చగా చెక్కి, సొల్యూషన్ రాసి, మడిచి సుత్తితో కొట్టేస్తాం. విప్పి వదులు చేద్దామంటే లోపల మిగిలేది వేలి మందం అంచు, అది కూడా చిల్లులతో. జిప్పు మార్చుకోవచ్చు, లైనింగ్ మార్చుకోవచ్చు, చేతులు పొట్టి చేయించుకోవచ్చు, పక్కలు కొంచెం లోపలికి తీయించుకోవచ్చు. భుజం తప్పితే ఆ జాకెట్ ఇక ఎవరికైనా ఇచ్చేయాల్సిందే.

కాబట్టి కొట్లో మొదట చూడాల్సింది భుజం కుట్టు. అది భుజం ఎముక చివర సరిగ్గా దిగాలి. కిందికి జారితే వదులు, మెడ వైపు ఎక్కితే ఇరుకు. తర్వాత ఛాతీ. జిప్పు పూర్తిగా పైకి లాగి ఊపిరి గట్టిగా పీల్చాలి, బిగుసుకోకూడదు. చేతులు కిందికి వదిలితే కఫ్, అంటే జాకెట్ చెయ్యి చివరి అంచు, మణికట్టు ఎముకని దాటి బొటనవేలి మొదలు దాకా రావాలి, ఎందుకంటే మోచేయి వంచగానే అది అంగుళం పైనే పైకి పోతుంది. ఇవన్నీ కుదిరాకే అద్దం.

మా మేనల్లుడు పోయిన చలికాలం ఆన్‌లైన్లో ఒకటి తెప్పించాడు. అడ్డంగా జిప్పు, పెద్ద కాలరు, బెల్టు, అన్ని హంగులూ ఉన్నాయి. "ఎట్టుంది మామా?" అని వాకిట్లో నిలబడ్డాడు. నిలబడితే బానే ఉంది. "బుల్లెట్టెక్కి హ్యాండిల్ పట్టుకోరా" అన్నా. పట్టుకోగానే కఫ్‌లు మణికట్టు వదిలి ముంజేతి మీదికి పాకాయి, వెనక నడుం దగ్గర బనీను బయటపడింది, కాలరు గడ్డానికి ఆనుకుంది. "బిగుతుగా ఉందని ఇంకో సైజు పెద్దది పంపమంటా" అన్నాడు. పెద్దది వచ్చింది, అదీ అంతే. సైజు తప్పు కాదు మరి, చంక దగ్గర కోత తప్పు. చెయ్యిని ఒంటికి కలిపే ఆ గుండ్రం, మా వాళ్లు ఆర్మ్‌హోల్ అంటారు, బాగా కిందికి దిగిపోయి ఉంది. చంకలో వదులుంటే చెయ్యి బాగా ఆడుతుందని అందరూ అనుకుంటారు. తిరకాసు అక్కడే ఉంది. గుండ్రం కిందికి దిగే కొద్దీ, చెయ్యి ఎత్తినప్పుడల్లా జాకెట్ మొత్తాన్ని వెంట లాక్కుపోతుంది. చంకకి దగ్గరగా పైన కోసినదైతే చెయ్యి మాత్రమే కదులుతుంది, నడుం పట్టీ ఉన్నచోటే ఉంటుంది. పాత జాకెట్లు వేసుకుంటే చిన్నగా కనిపించి, పనిలోకి దిగితే హాయిగా ఉండేది ఈ కోత వల్లే. ఇప్పుడు పెద్ద ఎత్తున కుట్టించి అమ్మే కంపెనీలు గుండ్రాన్ని పెద్దది చేస్తున్నాయి, ఒకే సైజు పదిమంది ఒళ్లకి పట్టాలని. తిప్పి పంపే బేరాలు తగ్గుతాయని వాళ్ల లెక్క.

మీ వ్యాసంలో స్టైళ్లన్నిటికీ పేర్లు పెట్టి, "మీ వ్యక్తిత్వాన్ని బట్టి ఎంచుకోండి" అన్నారు. వ్యక్తిత్వం సంగతి నాకు తెలియదు. ఆ మోడళ్లు ఒక్కొక్కటీ ఒక్కో పనికి, ఒక్కో కూర్చునే తీరుకి పుట్టాయి. న్యూయార్క్‌లో ఇర్వింగ్ షాట్ 1928లో మోటారుసైకిల్ జాకెట్ చేశాడు, దానికి తనకిష్టమైన చుట్ట పేరు పెర్ఫెక్టో అని పెట్టాడు. లాంగ్ ఐలండ్‌లోని హార్లే డేవిడ్సన్ డీలరు దగ్గర ఐదున్నర డాలర్లకు అమ్మారు. జిప్పు పక్కకి ఎందుకుందంటే, ముందు భాగం ఒకదాని మీదికి ఒకటి ఎక్కి గాలి ఛాతీకి కొట్టకుండా ఉండాలి, బండి మీద ముందుకి వంగినప్పుడు జిప్పు పొట్టలో గుచ్చుకోకూడదు. కాలరు కొసలకి టిచ్ బటన్లు గాలికి ముఖం మీద కొట్టుకోకుండా. అందుకే బండి నడిపేవాడికి అది బాగుంటుంది. ఆఫీసులో రోజంతా కుర్చీలో కూర్చునేవాడికి బెల్టు బకిల్ పొట్టలో ఒత్తుతుంది, ఒక్క వారం వేసి అలమారులో పెట్టేస్తాడు.

అమెరికా సైన్యం వైమానికులకి 1931లో ఇచ్చిన ఏ-2 ఇంకో రకం. పైలట్ కూర్చునే ఉంటాడు కాబట్టి నడుం దగ్గరే ఆగిపోతుంది, కింద, చేతులకీ అల్లిన ఊలు పట్టీలు. వీపు మొత్తం ఒకే తోలు ముక్క, మధ్యలో అతుకు లేదు. అసలు ఏ-2కి చేతులు దాచుకునే పక్క జేబులు లేవు, ఇప్పటి వాళ్లు కలుపుతున్నారు, కలిపితే తప్పేమీ లేదు. నేవీ వాళ్ల జి-1 అయితే మేకతోలు, బొచ్చు కాలరు, వీపున రెండు పక్కలా మడతలు. చెయ్యి ముందుకు చాపగానే ఆ మడతలు విచ్చుకుంటాయి. వీపు వెడల్పు ఉన్నవాళ్లకి నేను ఎప్పుడూ ఇదే చెప్తాను. పొట్ట కొంచెం ముందుకొచ్చిన నాలాంటి వాళ్లకి ఈ ఊలు పట్టీ రకాలు వద్దు. పట్టీ పొట్టకింద నిలవక పైకెక్కి, ముందు భాగం బుడగలా ఉబ్బుతుంది. మాకు 1960ల నాటి ఇంగ్లండు కుర్రాళ్ల కఫే రేసర్ నయం. చిన్న నిలువు కాలరు, నిటారు జిప్పు, కింద తిన్నని అంచు, హంగామా లేదు. చొక్కా మీద వేసుకుని పెళ్లికి వెళ్లినా ఎబ్బెట్టుగా ఉండదు.

ఆడపిల్లలకి అమ్ముతున్నవి చూస్తే బాధేస్తుంది. మగవాళ్ల అట్టనే ఒక సైజు తగ్గించి కోసి వదులుతున్నారు. ఛాతీ దగ్గర డార్ట్, అంటే ఒంటి వంపుకి తగ్గట్టు మడిచి వేసే కుట్టు, గానీ, దానికి బదులు నిలువు అతుకు గానీ లేకపోతే జిప్పు వేయగానే చంక దగ్గర అడ్డంగా మడతలు పడతాయి. ఆ మడత కనిపిస్తే ఎంత తగ్గింపు ఇచ్చినా కొనకండమ్మా. కుర్తా మీద వేసుకునేవాళ్లు కుర్తాతోనే వెళ్లి వేసి చూడండి.

ఇక తోలు. గొర్రెతోలు మెత్తన, తేలిక, వేసిన రోజే ఒంటికి పడుతుంది, కానీ గీరుకుంటే చిరుగుతుంది. మన నెల్లూరు గొర్రెలాంటి, ఊలు కాకుండా వెంట్రుక ఉండే జాతుల తోలు మాత్రం ఊలు గొర్రెల దానికన్నా గట్టిది. మేకతోలు పైన చిన్న చిన్న గింజలు పరిచినట్టుంటుంది, తేలిగ్గా ఉంటూ బాగా మన్నుతుంది. మన హైదరాబాద్, విజయవాడ చలికి నా ఓటు దానికే. ఆవు, గుర్రం తోళ్లతో చేసిన అసలు సిసలు పాత మోడళ్లు రెండు మూడు కిలోలు తూగుతాయి. మొదటి ఏడాదంతా ఒంటితో కొట్లాడతాయి, తర్వాత జన్మంతా తోడుంటాయి. లంబసింగి వైపు ఉండేవాళ్లకో, ఆదిలాబాద్ చలిలో పొద్దున్నే బండి తీసేవాళ్లకో అవి పనికొస్తాయి. జెన్యూన్ లెదర్ అన్న చీటీ చూసి మురిసిపోవద్దు. తోలుని పొరలుగా చీలిస్తే కింద మిగిలే బలహీనమైన పొర మీద రంగు పూత వేసినా ఆ చీటీ తగిలించేస్తారు. ఫుల్ గ్రెయిన్, అంటే పై పొర చెక్కకుండా ఉంచిన తోలు, అని ఉందా అడగండి. బొటనవేలితో నొక్కి చూడండి. పై పొర ఉన్న తోలైతే వేలి చుట్టూ సన్నని గీతలు పరుచుకుని, వేలు తీయగానే పోతాయి.

అతుకులు కూడా చూడండి. ఒక జాకెట్‌కి గొర్రెతోళ్లు ఆరేడు పడతాయి. మంచి మాస్టరు తోలుని బల్ల మీద పరిచి, వెన్నుపూస గీత వెంబడి వీపు ముక్క, ముందు ముక్కలు తీస్తాడు. పొట్ట వైపు తోలు వదులుగా సాగుతుంది కాబట్టి దాన్ని చంక కిందా, లోపలి పట్టీలకీ వాడతాడు. పిడుదు కుట్టిన మచ్చలకీ, ముల్లు గీరిన గాట్లకీ సిల్వర్ పెన్నుతో గుర్తు పెట్టి తప్పిస్తాడు. ముందు రెండు పక్కలూ ఒకే రంగు, ఒకే గింజ ఉండాలి. ఒక పక్క నున్నగా, ఇంకో పక్క గరుగ్గా ఉంటే పొదుపు కోసం ముక్కలు కలిపారని అర్థం.

పాతబడినట్టు కనిపించడం కోసం ఇప్పుడు ఫ్యాక్టరీలోనే సాండ్ పేపర్‌తో రుద్దుతున్నారు. మేమూ రుద్దాం, ఆర్డరు వస్తే ఏం చేస్తాం. కానీ రుద్దిన చోటు చూస్తే తెలిసిపోతుంది. నిజంగా వాడిన జాకెట్ జేబు మూతి దగ్గర, కఫ్ అంచున, మోచేతుల్లో, కాలరు మడతలో అరుగుతుంది. వీపు మధ్యలో ఎవరికీ అరగదు. అక్కడ కూడా తెల్లబడి ఉంటే, మీ డబ్బులు సాండ్ పేపర్‌కి పోతున్నాయి. రుద్దనిది కొనుక్కుని మీరే అరగదీసుకోండి.

డాలస్, టొరంటోల్లో ఉన్న మన పిల్లలకి ఒక మాట. తోలు గాలిని ఆపుతుంది, చలిని కాదు. కింద స్వెట్టరు వేసే చోటైతే స్వెట్టరు వేసుకునే సైజు చూడాలి. టేపుతో ఛాతీ కొలిచి, జాకెట్ చంక నుంచి చంకకి కొలత రెట్టింపు చేస్తే అది ఒంటి కొలత కన్నా నాలుగంగుళాలు ఎక్కువుండాలి, స్వెట్టరుకైతే ఆరు. ఇంకో మాట, ఇది బండి నడిపేవాళ్లందరికీ. మెత్తని గొర్రెతోలు ఫ్యాషన్ జాకెట్ రోడ్డు మీద పడితే కాపాడదు. మోచేతులకీ భుజాలకీ లోపల రక్షణ పలకలున్నవి వేరే ఉంటాయి, అవి కొనండి.

సంపాదకులకి, మీ పత్రిక ద్వారా జాకెట్లు అమ్మేవాళ్లందరికీ నా మనవి ఒక్కటే. ఎస్, ఎం, ఎల్ అని రాసి వదిలేయకండి. జాకెట్‌ని బల్ల మీద పరిచి భుజం నుంచి భుజానికి, చంక నుంచి చంకకి, చెయ్యి పొడవు, వెనక పొడవు, ఈ నాలుగూ అంగుళాల్లో రాయండి. కొనేవాడు ఇంట్లో తనకి సరిపోయిన చొక్కాని అలాగే పరిచి కొలిచి పోల్చుకుంటాడు, సగం సరుకు తిరిగి రాదు. మీ అనుబంధంలో ఈసారి ఇలాంటి పేజీ వేస్తే ఎక్కడెక్కడ కొలవాలో ఒక బొమ్మ వేయండి. బొమ్మ గీసేవాళ్లు దొరక్కపోతే నేనే గీసి పంపుతాను, అట్టలూ స్కేలూ ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
రిటైర్డ్ ప్యాటర్న్ మాస్టర్,
సూళ్లూరుపేట, తిరుపతి జిల్లా