బ్యాటరీ చచ్చిపోయి రెండేళ్లయింది, లెక్కల్లో మాత్రం మాకు కరెంటు ఉంది: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఇంధన శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా గూడెం ఇళ్ల సోలార్ బ్యాటరీలు మార్పించమని ఇంతకు ముందు నాలుగు అర్జీలు ఇచ్చాను. రెండు సోమవారం గ్రీవెన్స్‌లో, ఒకటి పోస్టులో, ఇంకొకటి పర్యటనకు వచ్చిన అధికారి చేతికి. మూడింటికి రసీదులున్నాయి. జవాబు మాత్రం ఒక్కదానికే వచ్చింది. "నిర్వహణ గడువు ముగిసినది" అని ఒక్క లైను. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. కోపం లేదంటే అబద్ధమవుతుంది, మన్నించండి.

ఇంటింటికీ కరెంటు ఇవ్వడానికి కేంద్రం పెట్టిన సౌభాగ్య పథకం కింద, స్తంభాలు వేయలేని చోట ఏం ఇవ్వాలని ఉండేదో మీకు తెలుసు. 200 నుంచి 300 వాట్ల ప్యానెల్, బ్యాటరీ, ఐదు ఎల్ఈడీ బల్బులు, ఒక డీసీ ఫ్యాను, ఒక ప్లగ్గు, ఐదేళ్ల మరమ్మతు బాధ్యత. కొండ మీది ఇళ్లకు ఇంతకన్నా మంచి దారి లేదని నేను ఇప్పటికీ నమ్ముతాను. 2018 చివర్లో ఆ సామాను కింది రోడ్డు నుంచి మా గూడెం దాకా మోసుకొచ్చింది మేమే. బ్యాటరీలను కావడి కట్టి ఇద్దరిద్దరు మోశారు. మొదటి రాత్రి ముసలివాళ్లు కూడా స్విచ్చి వేయడం, ఆర్పడం, మళ్లీ వేసి చూసుకోవడం.

మూడేళ్లు బాగానే వెలిగింది. తర్వాత బ్యాటరీ దెబ్బతినడం మొదలైంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ మామూలుగా మూడు నుంచి ఐదేళ్లు వస్తుంది, ప్యానెల్ పాతికేళ్లు పనిచేస్తుంది. ఈ తేడా పథకం రాసినవాళ్లకు తెలియదా సార్? పాతికేళ్ల వస్తువుకు ఐదేళ్ల గుండె పెట్టారు. ఆ గుండె ఆగితే ఎవరిని అడగాలో ఎక్కడా రాయలేదు.

ఆ ఐదేళ్లు కూడా పూర్తిగా దక్కలేదు. డిస్టిల్డ్ వాటర్ పోయాలని మాకు ఎవరూ చెప్పలేదు. నీళ్లు తగ్గాయని కొందరు ఊటనీళ్లు పోశారు. బ్యాటరీలు ఇంకా త్వరగా పోయాయి. వానాకాలంలో కొండ మీద మబ్బు రోజుల తరబడి దిగదు. బ్యాటరీ సగం చార్జింగ్‌తోనే ఉండిపోతే లోపల ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుంటుంది, తర్వాత ఎంత ఎండ కాసినా ఎక్కదు. ఇవన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నవి. బిగించిన రోజే అరగంట కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఎన్ని ఇళ్లు నిలబడేవో! బిగించిన కాంట్రాక్టరు మనుషులు ఆ ఐదేళ్లలో ఒక్కసారి వచ్చారు, ఫొటోలు తీసుకుని వెళ్లారు.

మా తమ్ముడి కూతురు ఆరో తరగతి. సాయంత్రం ఏడింటికి బల్బు వెలుగుతుంది. ఏడున్నర అవకముందే, బ్యాటరీ చార్జింగ్ చూసుకునే కంట్రోలర్ డబ్బా మీద ఎర్ర లైటు వచ్చి బీప్ బీప్‌మని కొట్టుకుంటుంది. ఆ చప్పుడు రాగానే ఆ పిల్ల ఎవరూ చెప్పకుండానే పుస్తకం మూసేస్తుంది. లెక్క సగంలో ఉన్నా సరే. దాని పక్కన కూర్చుని అది చూడటం ఎంత కష్టమో నేను చెప్పలేను. ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ అరగంట వెలుగు కూడా లేదు. మళ్లీ బుడ్డి దీపాలు వచ్చాయి, పొగకు ముసలివాళ్ల దగ్గు మళ్లీ మొదలైంది. రాత్రిపూట పామో తేలో కనిపిస్తే టార్చి కోసం ఇల్లిల్లూ తిరగాలి. సెల్‌ఫోన్ చార్జింగ్ లేక 108కి ఫోను చేయలేకపోయిన రాత్రి కూడా ఉంది. దాని గురించి ఇక్కడ రాయలేను.

బాగా వెనుకబడిన గిరిజన తెగల కోసం కేంద్రం పెట్టిన పీఎం జన్‌మన్‌ పథకంలో ఇంటికి 50,000 రూపాయల దాకా పెట్టి కొత్త సోలార్ ఇస్తున్నారని విని సంతోషించాం. అడిగితే, అది కరెంటు లేని ఇళ్లకు, మీకు రికార్డుల్లో ఉందిగా అన్నారు. ఇంటి కప్పు మీద సోలార్ పెట్టుకునే పీఎం సూర్యఘర్ పథకం కింద ఇప్పటికే కరెంటు ఉన్న ఇంటికి 78,000 దాకా సబ్సిడీ వస్తుంది. వాళ్లకు వద్దనడం లేదు, రావాలి. కానీ మేం అడిగే బ్యాటరీ ఖర్చు అందులో చిన్న భాగం. అది కూడా మాకు ఎందుకు రాదు? మేం ఉన్న ఇంటికి కరెంటు ఉందని రాసిన కాగితమే మాకు అడ్డం పడుతోంది. దయచేసి ఆ కాగితం సరిచేయించండి.

బ్యాటరీలు మార్పించండి. కుదిరితే లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌వి ఇప్పించండి, వాటికి నీళ్లు పోసే పని ఉండదు, ఎక్కువ ఏళ్లు వస్తాయి. ఉచితంగా వద్దు అంటే నెలనెలా కొంత కట్టడానికి మావాళ్లు సిద్ధంగా ఉన్నారు. మా పిల్లల్లో ఇద్దరికి రిపేరు నేర్పించండి, ఎవరి కోసమూ ఎదురుచూడం. బ్యాటరీలు మాత్రం మార్పించండి సార్, ఎన్నిసార్లు అడగమన్నా ఇదే అడుగుతాను.

రసీదుల నకళ్లు జత చేశాను. చూడటానికి ఎవరినైనా పంపితే పగలు వద్దు, పగలు ప్యానెళ్లు ఎండలో మెరుస్తూ అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. సాయంత్రం ఏడున్నర దాటాక రమ్మనండి. దారి చూపించడానికి కింది రోడ్డు దగ్గర నేనే నిలబడతాను.

ఇట్లు,
మా గూడెం ఇళ్లన్నిటి తరఫున,
ఒక బడి పంతులు