సోమవారం సెలవన్న సంగతి, నలభై రోజుల మౌనం

మేనేజరు గారికి,
కస్టమర్ కేర్ విభాగం

అయ్యా,

నలభై రోజుల్లో పదకొండు సార్లు ఫోను చేశాను, నాలుగు ఈమెయిళ్లు పంపాను. ఉలుకూ పలుకూ లేదు. అందుకే ఈసారి రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టు. కవరు అందుకున్నట్టు సంతకమైనా పెట్టక తప్పదు కదా!

జరిగింది చిన్నదే. జనవరిలో మీ ఢిల్లీ యాత్రకు వచ్చాం. ఇండియా గేట్ దగ్గర జైపూర్ హౌస్‌లో ఉన్న జాతీయ ఆధునిక కళా మ్యూజియం చూపిస్తామని మీ కరపత్రంలో ఉంది. ఆ ఒక్క ముక్క చూసే డబ్బు కట్టాను. మా ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు బొమ్మల ముందు పెరిగిన రాజమండ్రి వాణ్ని, ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా చేశాను. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1935లో వేసిన ముగ్గురమ్మాయిల బొమ్మను అరచేతంత అచ్చులో చూపించి పాఠం చెప్పానే గాని, అసలు బొమ్మను ఏనాడూ చూడలేదు.

మీ బస్సు మమ్మల్ని అక్కడికి సోమవారం తీసుకెళ్లింది. ఆ మ్యూజియానికి ప్రతి సోమవారం సెలవు. మంకీ క్యాప్ పెట్టుకున్న కాపలాదారు గేటు గొలుసు చూపించి అదే చెప్పాడు. మీ గైడు మాత్రం ‘పొగమంచు వల్ల మూశారు సార్’ అన్నాడు. మంచు గదుల్లో కూడా కురుస్తుంది కాబోలు!

పొరపాటు ఎవరైనా చేస్తారు. నాకు మండింది ఆ తరువాతే. మొదట మాట్లాడిన అమ్మాయి ‘రాసుకున్నాను సార్, రెండు రోజుల్లో మేనేజరు గారు ఫోను చేస్తారు’ అంది. ఆ మేనేజరు మీరే. వారం తరువాత ఇంకో అబ్బాయి నా పేరు మీద ఫిర్యాదే లేదన్నాడు. కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాను. సగంలో ఫోను హోల్డులో పెట్టి, సన్నాయి పాట వదిలి వెళ్లిపోయాడు. పెళ్లి ఎవరిదో తెలియదు, పావుగంట విన్నాను. మూడో ఆయన ‘ఇండియా గేట్ చూశారు కదా సార్, అది పక్కనే’ అన్నాడు! నాలుగో ఆమె ఆ బొమ్మలు ఫోనులో కూడా కనిపిస్తాయని నాకు నేర్పింది. ఆ సాయంత్రమే ‘మీ సమస్య పరిష్కరించబడింది, ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’ అని సందేశం.

కాశీ, రామేశ్వరం, చార్‌ధామ్ మీతోనే వెళ్లాం. కేదార్ దారిలో బస్సు ఆగిపోతే రాత్రంతా చలిలో కూర్చున్నాం, పల్లెత్తు మాట అనలేదు. మా వీధిలో నాలుగు కుటుంబాలను మీ దగ్గరికి పంపింది నేనే. ఇప్పుడు వాళ్లకు ఏం చెప్పమంటారు?

టికెట్టు ఖరీదు విదిల్చి సరిపెట్టవద్దు. ఏం చేస్తారో ఆలోచించుకుని, రాసిచ్చింది చదివి వినిపించే మనిషి కాకుండా మీరే ఫోను చేయండి. వారం రోజులు చూస్తాను. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కలుద్దాం. కాగితాలన్నీ భద్రంగా ఉన్నాయి, మీ సన్నాయి తప్ప.

ఇట్లు,
విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు,
రాజమహేంద్రవరం

తా.క.: మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పడుకుంటాను. అప్పుడు చేసి, ‘ఎత్తలేదు’ అని రాసుకోవద్దు.