మళ్లీ వచ్చి జబ్బ చూపించుకున్నవాళ్లకు, రాలేకపోయినా ఫోన్ ఎత్తినవాళ్లకు

నల్లగొండ, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి భుజం నొప్పి ఫాలో అప్‌కి వచ్చిన అక్కలకు, అన్నలకు, పెద్దమనుషులకు మా ఫిజియోథెరపీ బృందం తరఫున దండాలు. మొదటిసారి వచ్చినందుకన్నా మూడో నెలలో, ఆరో నెలలో, ఏడాదికి మళ్లీ వచ్చినందుకు మీకు ఎక్కువ రుణపడి ఉన్నాం. నొప్పి ఉన్నప్పుడు ఎవరైనా వస్తారు. నొప్పి తగ్గాక కూడా పత్తి ఏరేది ఆపి, ఒక పూట కూలి వదులుకుని, చేయి ఎంత లేస్తుందో చూపించడానికి మీరు వచ్చారు. ఆ పూట ఎందుకు పనికొచ్చిందో మీకు వివరంగా చెప్పడం మా బాధ్యత.

భుజం గుండును గిన్నెలో కదలకుండా పట్టి ఉంచేవి నాలుగు కండరాలు: సుప్రాస్పైనాటస్, ఇన్‌ఫ్రాస్పైనాటస్, టీరిస్ మైనర్, సబ్‌స్కాపులారిస్. వీటి కొసలు ఎముకకు అతుక్కునే పట్టీనే రొటేటర్ కఫ్ అంటారు. మనవైపు ‘నరం పట్టింది’, ‘నరం తెగింది’ అంటారు గానీ అది నరం కాదు, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువు. వయసుతోపాటు అది అరుగుతుంది. అరవై దాటినవాళ్లలో ఏ నొప్పీ లేకుండానే చిరిగి ఉండడం మామూలే. కాబట్టి స్కాన్‌లో చిరుగు కనిపించగానే ఈ నొప్పి దానివల్లే అనలేం. ఏ చికిత్స ఎవరికి పనిచేస్తుందో తేలాలంటే మనుషులను నెలల తరబడి, ఏళ్ల తరబడి చూడాలి.

అక్కడే పని చెడుతుంది. బాగైనవాళ్లు ‘ఇంకెందుకు’ అని రారు. బాగుకానివాళ్లు వేరే డాక్టరు దగ్గరికి పోతారు. పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు పోయినవాళ్లు ఊళ్లోనే ఉండరు. ఉదాహరణకు 40 మందిలో 12 మంది జాడ లేదనుకుందాం. ఆ 12 మందీ బాగైనవాళ్లయితే మన లెక్క చికిత్సను తక్కువ చేసి చూపిస్తుంది, బాగుకానివాళ్లయితే ఎక్కువ చేసి చూపిస్తుంది. ఎవరెటో తెలియకపోతే మిగిలిన 28 మందిని ఎంత జాగ్రత్తగా కొలిచినా లెక్క వాలిపోయే ఉంటుంది. అందుకే వలస పోయిన తమ్ముళ్ల కొత్త నంబర్లు ఇంటింటికీ అడిగి తెచ్చిచ్చిన ఆశా అక్కలకు, పని మధ్యలో 20 నిమిషాలు ఆపి వీడియో కాల్‌కు నిలబడనిచ్చిన మేస్త్రీలకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఫోన్‌లో కోణం చూడడం తేలిక కాదు. ఫోన్‌ను రొమ్ము ఎత్తున నిలువుగా పెట్టి, రెండు మీటర్ల దూరం జరిగి, వీపు గోడకు ఆనించి చేయి ఎత్తాలి. వీపు వదిలి నడుము వంచితే చేయి నిజంగా లేచినదానికన్నా పైకి లేచినట్టు కనిపిస్తుంది. పక్కకు ఎత్తేటప్పుడు ఫోన్ ఎదురుగా, ముందుకు ఎత్తేటప్పుడు పక్కన ఉండాలి. ఇదంతా ఓపికగా రెండేసి సార్లు చేసి చూపించారు.

మీరు మళ్లీ రావడానికి ఉన్న విలువ చెప్పడానికి నార్వేలో జరిగిన ఒక్క అధ్యయనం చాలు. అక్కడ చిన్న, మధ్య రకం చిరుగులున్న 103 మందిలో కొందరికి ఆపరేషన్‌తో చిరుగు కుట్టి, కొందరికి ఫిజియోథెరపీ ఇచ్చారు. 5 ఏళ్లకు చూస్తే రెండు గుంపుల మధ్య తేడా చిన్నది. 10 ఏళ్లకు చూస్తే కుట్టినవాళ్ల వైపు తేడా పెరిగింది. ఆ పదో ఏడు కొలతకు 103 మందిలో 91 మంది వచ్చారు. వాళ్లు రాకపోతే 5 ఏళ్ల మాటే చివరి మాటగా మిగిలేది.

ఇంకో వైపు బ్రిటన్‌లో 313 మందితో జరిగిన సీ-సా (CSAW) అనే ట్రయల్, అంటే చికిత్సలను పోల్చి చూసే అధ్యయనం ఉంది, 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది. స్నాయువు పూర్తిగా తెగనివాళ్లలో భుజం పై ఎముకను గీకే ఆపరేషన్‌ను, లోపలికి కెమెరా పెట్టి చూసి ఏమీ గీకకుండా వదిలేయడంతో పోల్చారు. రెండింటికీ తేడా రాలేదు. మూడో గుంపుకు ఏ ఆపరేషనూ చేయలేదు. వాళ్లకన్నా మొదటి రెండు గుంపులు కాస్త మెరుగే, కానీ మనిషి పనుల్లో తెలిసేంత కాదు. 2021లో వచ్చిన గ్రాస్ప్ ట్రయల్‌లో 708 మందిని ఏడాది చూశారు. ఆరుసార్ల వరకు ఫిజియోథెరపిస్టు దగ్గర చేసిన వ్యాయామం, ఒక్కసారి బాగా నేర్పి ఇంటికి పంపిన వ్యాయామం ఏడాదికి దాదాపు సమానంగా తేలాయి. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో ఆరుసార్లు బస్సెక్కలేని మనిషికి ఇది చిన్న కబురు కాదు.

ఇక కొలతల సంగతి. భుజం ఎంత బాగా పనిచేస్తోందో చెప్పే కాన్‌స్టంట్ స్కోరులో 100 మార్కులు: నొప్పికి 15, రోజువారీ పనులకు 20, కదలికకు 40, బలానికి 25. బలం కొలవాలంటే చేయి పక్కకు, కొద్దిగా ముందుకు, భుజం ఎత్తుకు లేపాలి. అరచేయి నేలవైపు, మణికట్టుకు పట్టీ, పట్టీకి నేల దగ్గర బిగించిన స్ప్రింగ్ కాటా. 5 సెకన్లు పట్టి ఉంచాలి, మూడుసార్లు చేయాలి. చేయి ఆ ఎత్తుకు రాకపోతే బలానికి సున్నా. ఒక పౌండుకు ఒక మార్కు కాబట్టి కాటా అర కిలో తప్పితే ఒక మార్కు తారుమారవుతుంది. మా కాటాను ముద్ర వేసిన 5 కిలోల రాయి తగిలించి సరిచూసి, స్ప్రింగ్ సాగిందని పట్టుకుని, డబ్బు తీసుకోకుండా మార్చి ఇచ్చిన నల్లగొండ కాటాల దుకాణం పెద్దాయనకు నమస్కారం. ఆయన చెప్పినట్టే ఇప్పుడు ప్రతి విడతకు ముందు 2 కిలోలు, 5 కిలోలు, 10 కిలోలు వేలాడదీసి చూస్తున్నాం. 5 దగ్గర సరిగ్గా ఉన్న కాటా 10 దగ్గర తప్పొచ్చు.

కొలిచే మనిషికి ఎవరికి ఆపరేషన్ అయిందో తెలియకూడదు. తెలిస్తే చూపు వాలుతుంది, ‘ఇంకొంచెం ఎత్తండి’ అనే మాట ఒకరికి ఎక్కువసార్లు వస్తుంది. చిన్న రంధ్రాలతో చేసే కీహోల్ ఆపరేషన్ మచ్చలు చిన్నవే అయినా కనిపిస్తాయి. అందుకే అందరికీ ఒకే రంగు, మోచేతుల దాకా వచ్చే వదులు టీ షర్టులు. వాటిని ప్రతిసారీ ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చిన చాకలి అక్కకు, ‘నాకు ఆపరేషన్ అయింది బిడ్డా’ అనే మాట నోటిదాకా వచ్చినా లోపలే ఆపుకున్న మీ అందరికీ కృతజ్ఞతలు.

ప్రశ్నలకు మాటలు ఇచ్చింది మీరే. ‘భుజం ఎక్కడ నొస్తోంది’ అంటే చాలామంది మెడ పక్కన చూపించారు. ‘జబ్బ’ అంటే చేయి పైభాగం బయటి వైపు పట్టుకున్నారు. కఫ్ నొప్పి తెలిసేది అక్కడే. ‘రెక్క’ అంటే మొత్తం చేయి. మెడ నుంచి దిగే నొప్పి తరచూ మోచేయి దాటి వేళ్ల దాకా పోతుంది కాబట్టి ఈ మూడు మాటల తేడా మాకు జబ్బు తేడానే. భుజం నొప్పి, దానివల్ల పనుల్లో ఇబ్బంది ఎంతో అడిగే స్పాడి ప్రశ్నావళిలో 13 ప్రశ్నలు: 5 నొప్పి గురించి, 8 పనుల గురించి. అందులో ప్యాంటు వెనక జేబులోంచి వస్తువు తీయడం ఒకటి. చీర కట్టుకునేవాళ్లకు జేబెక్కడిది? కొంగు వెనక నడుముకు దోపుకోవడం అదే కదలిక అని కట్టి చూపించింది మీరే. పది పౌండ్ల బరువు అనే మాటకు 5 లీటర్ల నూనె డబ్బా అని చెప్పిందీ మీరే. తూచి చూస్తే దాదాపు నాలుగున్నర కిలోలు, సరిగ్గా సరిపోయింది. వీటిని మా ఇష్టానికి మార్చేయలేం. ఇద్దరు విడివిడిగా తెలుగు చేసి, అసలు చూడని మూడో మనిషి దాన్ని ఇంగ్లీషులోకి తిప్పి, తేడాలు సరిచేసి, మళ్లీ మీకే చదివి వినిపించి ‘ఏమర్థమైంది’ అని అడగాలి. ఆ చివరి మెట్టు ఎక్కించిన మహిళా సంఘాల అక్కలకు దండాలు.

గీత కార్మికుల సంఘాలు చేసిన మేలు వేరే రకం. మోకు జారి, చెట్టు మీదినుంచి పడిపోతూ మట్టను పట్టుకున్నప్పుడు భుజం మీద పడే గుంజుడు అరుగుదల కాదు, ఒక్కసారిగా తెగడం. దెబ్బ తగిలిన రోజు నుంచి చేయి లేవకపోతే, ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉందన్నా ఊరుకోకూడదు. నలభై దాటిన మనిషికి భుజం గూడు తప్పితే కఫ్ కూడా తెగి ఉందేమో చూడాల్సిందే. తెగిన స్నాయువు వెనక్కి జరుగుతుంది, కండరం నెలలు గడిచేకొద్దీ కొవ్వుగా మారుతుంది. అలా మారిన కండరం కుట్టాక కూడా మామూలవడం అరుదు. ‘పసరు కట్టు కట్టి చూద్దాం’ అనేవాళ్లను ఒప్పించి అల్ట్రాసౌండ్‌కు పంపిన సంఘం పెద్దలు కొన్ని చేతులను ఆ గడువు దాటనివ్వలేదు.

మునుగోడు వైపు నుంచి వచ్చినవాళ్లు పాత రిపోర్టులన్నీ తెచ్చారు, మంచి పని చేశారు. ఫ్లోరోసిస్‌తో బిగుసుకున్న కీలు, షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువగా వచ్చే ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలు చుట్టూ ఉన్న పొర బిగుసుకోవడం), కఫ్ చిరుగు మూడింట్లోనూ చేయి లేవదు. మోచేయి నడుముకు ఆనించి ఇంకొకరు ముంజేతిని బయటికి తిప్పినా తిరగకపోతే కీలే బిగిసింది. వాళ్లు తిప్పితే తిరిగి, మనంతట మనం తిప్పలేకపోతే అనుమానం కఫ్ మీదికి పోతుంది. షుగర్ ఉన్నవాళ్లు స్టెరాయిడ్ ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు రక్తంలో చక్కెర రాసి పంపారు. ఇంజెక్షన్‌తో అది పెరుగుతుంది, ఆ అంకెలు మాకు చాలా అవసరం.

కుట్లు పడినవాళ్ల ఇళ్లలోవాళ్లకు కూడా ఒక మాట. 4 నుంచి 6 వారాలు స్లింగ్‌లో ఉన్నప్పుడు నీళ్లు, వంట, పశువులు అన్నీ మీరే చూసుకున్నారు. నాలుగో వారానికి నొప్పి తగ్గుతుంది, మనిషి బకెట్ ఎత్తేస్తాడు, దారం తెగకపోయినా స్నాయువును కోసుకుని బయటికి వస్తుంది. బరువుతో వ్యాయామం మూడో నెల తర్వాతే. దానికోసం సైకిల్ ట్యూబులను వాల్వు దగ్గరి భాగం తీసేసి, ఒకే వెడల్పుతో, మీటరున్నర పొడవున కోసిచ్చిన పంక్చర్ దుకాణం అన్నకు కృతజ్ఞతలు. వెడల్పు మారితే బిగువు మారుతుంది, ఎవరెంత బలం పెట్టారో లెక్క పోతుంది. అంచు పగిలిన ట్యూబు వాడకండి, దుకాణంలోనే ఇంకోటి దొరుకుతుంది.

ఏడాది కొలత ఇంకా మిగిలినవాళ్లు దసరాకు ఊరికొచ్చినప్పుడు మీ ఆశా అక్కకు చెప్పండి. కొలత 20 నిమిషాలు. కాటా, టీ షర్టు మేమే తెస్తాం. చేయి బాగైనా రండి, బాగుకాకపోయినా రండి, మధ్యలో వేరే చోట ఆపరేషన్ చేయించుకున్నా రండి, ఆ కాగితాలు మాత్రం వెంట తెచ్చుకోండి.